నాలుగో పసుపు కార్డు

పొద్దున ఎనిమిదింటికల్లా వచ్చెయ్యమన్నది వాళ్ళే, పది దాటినా తొమ్మిదో నంబరు దగ్గరే కూర్చున్నదీ వాళ్ళే. మన టోకెను పద్నాలుగు. ఈ లెక్కన మధ్యాహ్నం అయ్యేట్టుంది వదినా. పైగా ఈ కుర్చీలొకటి. ఆరింటినీ కలిపి ఒకే ఇనప కమ్మీకి బిగించేశారు. ఆ చివర ఆయన దగ్గితే ఈ చివర మనం ఊగుతున్నాం.

వద్దు, నాకు మంచినీళ్ళు వద్దు. నువ్వు కూర్చో. ఎక్కడికెళ్ళినా నా దాహం, నా ఆకలి చూడ్డమేనా నీ పని? ఇవాళ పేషెంటువి నువ్వు. ఛ, ఆ మాట నా నోటితో నేనే అన్నానా.

అసలు నీకేం జబ్బని వచ్చాం ఇక్కడికి? చెప్పు. జ్వరమా, నొప్పా? మతిమరుపట. ఎంత తేలిగ్గా అనేశావు. పక్కింటావిడకి పడిశం పట్టిందని చెప్పినట్టు చెప్తున్నావు.

అన్నయ్య ఇంకా కిందే ఉన్నాడు, ఫారాల వరసలో. వెళ్తూ వెళ్తూ నాతో ఏమన్నాడో విన్నావా? మీ వదినని ఒక్కదాన్నీ వదలకు, ఎటైనా వెళ్ళిపోతుంది అన్నాడు. పందొమ్మిదేళ్ళు నిఘంటువు ఆఫీసులో నలభైవేల కార్డులు సరిచూసిన మనిషివి, మెట్లు దిగడం రాదా నీకు? నువ్వేమో వినీ విననట్టు చీర కొంగు సర్దుకున్నావు.

వాడు పైకొచ్చేలోపు నీకో సంగతి చెప్పాలి. బస్సులో చెప్దామనుకున్నాను, కిక్కిరిసి ఉంది. గేటు దగ్గర చెప్దామనుకున్నాను, నువ్వు నా జడ సరిచేశావు.

మొదట్నించీ చెప్తాను. నీకు తెలిసినవే చాలా, అయినా విను. మధ్యలోంచి మొదలుపెట్టానంటే నాకు అనుకూలంగా ఉన్నచోట ఆపేస్తాను. నా సంగతి నాకు తెలుసు.

మన ఆఫీసు పద్ధతి ఏమిటి? ఇంగ్లీషు మాట ఒక్కోదానికీ ఎన్ని అర్థాలుంటే అన్ని తెల్ల కార్డులు, ఒక్కటంటే ఒక్కటే పసుపు కార్డు. తెల్లవాటి మీద అర్థం, దాన్ని ఎవరో ఎక్కడో వాడిన వాక్యం, తేదీ. పసుపు దాని మీద ఆ మాట పుట్టుక, ఏ భాషలోంచి వచ్చిందీ. రాసినవాళ్ళు ఎడమ మూల పొడి అక్షరాలు వెయ్యాలి. ఆ తర్వాత నువ్వు బీరువాలోంచి ఆ పుస్తకం తీసి, ఆ పేజీ తిప్పి, నీ కళ్ళతో చూసి, కుడి మూల ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టాలి. టిక్కు పడితేనే అచ్చుకి ఫెయిర్ కాపీ. అందరి కార్డులూ నువ్వే ఎత్తి రాసేదానివి, నీ అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని.

పన్నెండేళ్ళ కిందట ఒక సూట్‌కేసుతో మీ ఇంటికొచ్చి పడ్డాను. నెల తిరక్కుండా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ బల్ల ముందు కూర్చోబెట్టావు. ఏ వదినా ఆడపడుచుకి చెయ్యదా పని. నేనెవరికి చెప్పినా నమ్మరు.

సరే, కీప్ అన్న మాట దగ్గరికి వస్తాను. క్రియ. చిన్న మాట, చంటిపిల్లలు కూడా అంటారు. దానికి నలభయ్యొక్క తెల్ల కార్డులు అయ్యాయి, గుర్తుందా? ఉంచుకోవడం, దాచడం, కాపాడటం, మాట నిలబెట్టుకోవడం, కోళ్ళని పెంచడం, డైరీ రాసుకోవడం, పాలు విరక్కుండా నిలవుండటం, మనిషిని వెళ్ళనీకుండా ఆపడం, మళ్ళీ ఆగకుండా నడుస్తూనే ఉండటం. ఆపడమూ ఇదే, ఆగకపోవడమూ ఇదే, ఇదేం మాటే పిల్లా అని నువ్వు పడీ పడీ నవ్వావు. మనవాళ్ళు ఆడదాని మీద వేసి అనే ఆ అర్థం ఎక్కించాలా వద్దా అని నేనూ పక్క బల్ల కళ్ళజోడాయనా ఒక పూటంతా పోట్లాడుకున్నాం. ఎక్కించాం చివరికి. జనం అంటున్నప్పుడు మనం ముక్కు మూసుకుంటే ఎలా.

అర్థాలకేం, కుప్పలుగా దొరికాయి. తంటా అంతా పుట్టుక దగ్గర. వెయ్యేళ్ళ కిందట ఉన్నట్టుండి రాతల్లో కనిపిస్తుందది. అప్పట్లో దానికి కనిపెట్టుకుని చూడటం, పట్టుకోవడం లాంటి అర్థాలు. అంతకు ముందు ఎక్కడుందో ఎవరికీ తెలీదు. ఇంగ్లీషుకి ఇరుగుపొరుగు భాషలు బోలెడు, ఒక్కదాంట్లోనూ దీని చుట్టమంటూ లేదు. ఎన్ని పుస్తకాలు తిరగేసినా ఒకటే మాట, పుట్టుక తెలియదు అని. నేనూ పసుపు కార్డు మీద అదే రాశాను.

సంపాదకుడి హోదాలో పెద్దాయన వెనక్కి పంపాడు. పైన రాసి మరీ, మరోసారి వెతకండి అని. వెతికాను. మళ్ళీ అదే రాశాను. మళ్ళీ పంపాడు. మూడోసారి నన్ను తన గదికి పిలిపించి, తలుపు తెరిచే ఉంచి, హాలంతా వినేట్టు అన్నాడు. "తెలియదు అని రాయడానికి మీరెందుకమ్మా? గేటు దగ్గర వాచ్‌మన్ చాలడూ?"

అందరూ తల దించుకుని కార్డులు చూసుకుంటున్నారు. నువ్వొక్కదానివే నాకేసి చూసి, పోనీలే అన్నట్టు కళ్ళతో చెప్పావు. నాకు పోలేదు వదినా. ఒళ్ళు భగ్గుమంది.

ఆ మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక నాలుగో కార్డు తీశాను.

అవును. ఆ కార్డే. నేనే రాశాను.

అలా చూడకు. పూర్తిగా చెప్పనీ. ఉత్తర సముద్రం ఒడ్డున గొర్రెలు కాసుకునేవాళ్ళ భాష ఒకటుండేదనీ, అది ఎప్పుడో అంతరించిపోయిందనీ, మంద మీంచి కళ్ళు తిప్పకుండా కూర్చోవడాన్ని వాళ్ళు కేప అనేవాళ్ళనీ, ఇంగ్లీషు కీప్ అక్కణ్ణించే వచ్చిందనీ రాశాను. కింద పుస్తకం పేరు, ఉత్తర తీరపు పాత పలుకులు. రెండువందల పన్నెండో పేజీ. అలాంటి మాట లేదు, భాష లేదు, పుస్తకం లేదు. పది నిమిషాల్లో అల్లేశాను.

ఏమిటీ? గోధుమ రంగు అట్టా? వదినా, లేని పుస్తకానికి అట్ట ఎక్కణ్ణించొస్తుంది? అంచు చిరిగి ఉందని, ఆ పుస్తకమేదని అడిగిన పెద్దాయన ముందు కూడా చెప్పావు నువ్వు. ఆ గదిలో గోడకి ఆనుకుని నిలబడి విన్నాను నేను. నువ్వు అబద్ధం ఆడే మనిషివి కాదు. చూడకుండా టిక్కు పెట్టే మనిషివీ కాదు. టిక్కు పడిందంటే చూసే ఉంటాను అనుకున్నావు. చూశాననుకోగానే అట్ట కూడా కళ్ళముందుకొచ్చేసింది. అంతే జరిగింది. ఇందులో జబ్బేముంది?

టిక్కు నువ్వు పెట్టలేదు. అదీ చెప్తున్నాను. అదీ నేనే పెట్టాను.

మొదట ఆ ఉద్దేశం లేదు, ఒట్టు. కార్డు నీ బల్ల మీద పెడతాను, నువ్వు నిచ్చెనెక్కి బీరువాలన్నీ గాలిస్తావు, దొరకదు, దిగొచ్చి నా చెవి మెలేస్తావు, ఇద్దరం నవ్వుకుంటాం, దాన్ని చించేసి మళ్ళీ తెలియదు అని రాస్తాం. అంతవరకే అనుకున్నాను. కానీ పెట్టేముందు ఇంకోసారి చదివాను. బాగుంది వదినా. ఏం చెప్పను, అప్పటిదాకా నేను రాసిన ఏ కార్డూ అంత బాగా లేదు. చించబుద్ధి కాలేదు. నీ ఎర్ర పెన్సిలు అక్కడే ఉంది. నీ టిక్కుకి తోక కొంచెం పైకి లేచి ఉంటుంది, అచ్చం అలాగే గీశాను. నువ్వు అంతకు ముందే టిక్కులు పెట్టి ఉంచిన కట్టలో మధ్యకి తోసేశాను.

సాయంత్రం నువ్వు ఆ కట్టంతా ఎత్తి రాశావు. ఒక్క బిగిన అరవై కార్డులు రాసేవాళ్ళకి చెయ్యే కదులుతుంది, బుర్ర కాదు. నాకు తెలుసు. తెలిసే చేశాను.

పది. పదో నంబరు పిలిచారు. మనది కాదు, కూర్చో.

మన నిఘంటువు అచ్చయ్యాక పెద్దాయన ఏ సభలో మాట్లాడినా ఆ గొర్రెల కథే. ఇంత చిన్న మాట వెనక ఎంత చరిత్ర ఉందో చూడండి అంటాడు, జనం చప్పట్లు కొడతారు. నేను వెనక వరసలో కూర్చుని పొంగిపోయేదాన్ని. సిగ్గులేని జన్మ.

ఆ బడిపంతులు ఉత్తరం రాయకపోయి ఉంటే ఇప్పటికీ పొంగిపోతూనే ఉందును. తప్పు పట్టి కూడా రాయలేదు మహానుభావుడు. కీప్ పుట్టుక మా పిల్లలకి చెప్పాను, ఎంతో ముచ్చటపడ్డారు, ఆ పుస్తకం చూస్తామంటున్నారు, ఎక్కడ దొరుకుతుందో దయచేసి తెలపగలరు అని రాశాడు. రెండో ఉత్తరంలో నాలుగు లైబ్రరీలు తిరిగానన్నాడు. మూడోది నేరుగా పెద్దాయనకే వెళ్ళింది.

మొదటి ఉత్తరం విప్పింది నేనే. ఆ రోజే అనుకున్నాను తర్వాతి పని. కార్డుల సొరుగుల తాళంచెవి నీ హ్యాండ్‌బ్యాగులో ఉంటుంది, హ్యాండ్‌బ్యాగు మన వంటింట్లో మేకుకి వేలాడుతుంది. మర్నాడు నీకంటే ముందు ఆఫీసుకెళ్ళి కార్డు తీశాను. చించి, ముక్కలు బాత్రూంలో పడేసి, బకెట్టు నీళ్ళు పోశాను. రెండు బకెట్లు.

ఇంక మిగిలిందేమిటి? నీ చేతిరాతతో ఫెయిర్ కాపీ. నీ చేతిలో తాళం. పెద్దాయన నన్నడిగితే, మూడు కార్డులు పంపాను సార్, మూడింటి మీదా తెలియదు అనే రాశాను, నాలుగోది నాకు తెలీదు అన్నాను. ఆ మూడూ ఆయన వెనక్కి పంపినవే కదా, వెంటనే నమ్మాడు.

నువ్వు మూడు రోజులు నిచ్చెన దిగలేదు. ఆ గోధుమ రంగు అట్ట కోసం. దుమ్ముకి కళ్ళు ఎర్రబడిపోయి, నీళ్ళు కారుతూ. నేను కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నాను. వింటున్నావా? పట్టుకుని, జాగ్రత్త వదినా అన్నాను.

నన్ను తిట్టు.

పైగా పెద్దాయన మంచితనం ఒకటి మనకి. మోసం అని రాయను, ఆవిడ అలాంటి మనిషి కాదు, డాక్టరు సర్టిఫికెట్ తెచ్చుకోండి, అనారోగ్యం వల్ల జరిగిన పొరపాటని వేస్తాం, గౌరవంగా ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోమనండి అన్నాడు. అన్నయ్యకి అది దేవుడిచ్చిన వరంలా వినిపించింది. మోసం చేసిందనిపించుకోవడం కంటే మతిపోయిందనిపించుకోవడం నయమట. ఇవాళ ఆ లోపల గదిలో డాక్టరు కాగితం మీద సంతకం పెడితే చాలు, నువ్వింక ఆఫీసు గడప తొక్కక్కర్లేదు, నేనింక ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు.

కానీ ఆఫీసు సంగతి కాదు నన్ను తినేస్తున్నది. నువ్వు. కుళాయి కట్టానా లేదా అని నాలుగుసార్లు వెళ్ళి చూస్తున్నావు. పొయ్యి దగ్గరికి వెళ్ళడానికి భయపడుతున్నావు. ఇది నా చెప్పేనా అని నన్నడిగావు మొన్న. నేను అవునంటే గానీ వేసుకోలేదు.

ఇంకా ఉంది. ఆగు, ఇది కష్టం నాకు.

అన్నయ్య చేతిలో ఉన్న కాగితం చూశావుగా, డాక్టరుకి చూపించాలని. వాడు నాతో, నువ్వు రోజంతా మీ వదిన పక్కనే ఉంటావు, గుర్తొచ్చినవన్నీ రాసివ్వు అన్నాడు. రాశాను. పదకొండు రాశాను. ఒక్కోదానికీ తేదీ, ఎక్కడ జరిగింది, నువ్వు అన్న మాట ఉన్నదున్నట్టు. పనిలో నేర్చుకున్నదే కదా, ఉదాహరణ లేకుండా అర్థం ఎక్కించకూడదు. వాడు చదివి, ఇంత వివరంగా డాక్టరు కూడా రాయలేడే అన్నాడు.

అందులో నాలుగే నిజం. పాలు పొంగిపోయాయి, గొడుగు బస్సులో వదిలేశావు, అలాంటివి. ఎవరు చెయ్యరు? నేను నెలకి రెండుసార్లు చేస్తాను. మిగిలిన ఏడూ కల్పించాను. మన వీధి మలుపు దగ్గర ఎటు తిరగాలో తెలీక నిలబడిపోయావని రాశాను. భోజనం చేసిన గంటకి ఇంకా అన్నం పెట్టలేదేమని అడిగావని రాశాను. మీ అమ్మగారు పోయి ఆరేళ్ళయితే, అమ్మకి ఫోన్ చెయ్యాలి అన్నావని రాశాను.

ఎందుకు? ఏమో. నాలుగు చాలవనిపించింది. గట్టిగా తేలిపోతే ఇంకెవరూ కార్డు ఊసెత్తరనిపించింది. ఇంతకంటే మంచి కారణం ఉంటే నీకు చెప్పనా?

మొన్న ఆదివారం అన్నయ్య దాన్ని పైకి చదివాడు. నువ్వు ఒక్కోదానికీ తలూపావు. వీధి మలుపు దగ్గరికి రాగానే, అవును, నిలబడిపోయాను, కాళ్ళు ముందుకి పడలేదు, బాగా గుర్తుంది అన్నావు. అమ్మగారి ఫోను దగ్గరికి రాగానే కళ్ళు తుడుచుకున్నావు. నేను కూర తరుగుతున్నట్టు నటిస్తూ వేలు కోసుకున్నాను. లేచొచ్చి కట్టు కట్టింది మళ్ళీ నువ్వే.

అందుకే ఇవాళ చెప్పేశాను. లోపలికి వెళ్ళాక డాక్టరు అడిగితే, అట్ట లేదు, పుస్తకం లేదు, నాకేం కాలేదు, అంతా మా ఆడపడుచు చేసింది అని చెప్పు. నా పేరు చెప్పు. ఉద్యోగం పోతే పోతుంది. అన్నయ్య నా మొహం చూడకపోతే చూడడు. సూట్‌కేసు ఇంకా అటక మీదే ఉంది.

ఏంటి, నవ్వుతున్నావు? వదినా. ఎందుకు నా చెయ్యి నిమురుతున్నావు?

ఏమన్నావు?

నా కోసం ఇంత అబద్ధం ఆడకు పిల్లా, అంటావా?

అయ్యో, అబద్ధం కాదు. ఇదొక్కటే నిజం. నువ్వేదో అనుకుంటున్నావు. నిన్ను గట్టెక్కించడానికి నా మీద వేసుకుంటున్నాననుకుంటున్నావు, కదూ? నీకెవరు చెప్పారు నేనంత మంచిదాన్నని? వీధి మలుపు గుర్తుందంటావేంటి మళ్ళీ. గుర్తుండదు. జరగలేదు కాబట్టి గుర్తుండదు. నేను రాసిందే నీకు గుర్తున్నది.

సాక్ష్యమా? ఏం చూపించను? కార్డు నీళ్ళలో పోయింది. ఉన్నా దాని మీది టిక్కు నీదిలాగే ఉండేది. పెద్దాయన నా మూడు కార్డులే చూపిస్తాడు. దొరక్కూడదని అన్నీ తుడిచేసుకున్నాను, శుభ్రంగా. ఇప్పుడు నేనే దొంగనని చెప్పుకోవడానికి ఒక్క ముక్క మిగల్లేదు.

నా మొహంలోకి చూడు. పన్నెండేళ్ళుగా నేను ఏం చెప్పినా నమ్మావు. ఇవాళ ఒక్కరోజు నమ్ము.

అదుగో, మన నంబరే. పదకొండూ పన్నెండూ పదమూడూ ఎప్పుడయ్యాయో. కూర్చో వదినా, ఒక్క నిమిషం. అన్నయ్యా, వచ్చేశావా, ఆగు. ఆ కాగితం ఇటివ్వు, అందులో ఏడు తప్పులున్నాయి. కాదు, రాతలో తప్పులు కాదు. అసలు జరగనివి. ఇవ్వకపోతే మానెయ్, నేనూ లోపలికొస్తాను. డాక్టరుతో నేను మాట్లాడాలి.

వదినా, వాడి చెవిలో ఏం చెప్తున్నావు? నేను వారం నుంచీ నిద్రపోవట్లేదనా? నీ మీద బెంగతో ఏదేదో మాట్లాడుతున్నాననా? పనిలో పనిగా నన్ను కూడా చూపించమంటున్నావా?

సరే, చూపించండి. ముందు నన్నే కూర్చోబెట్టండి ఆయన ముందు. ఏం అడుగుతాడో అడగమనండి. నాకేం కాలేదన్నయ్యా. అలా జాలిగా చూడకు. నాకన్నీ గుర్తున్నాయి.